రెండు సుద్ద గీతల బల్ల

ఆయన పోయాడన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. సిడ్నీ నైరుతి శివార్లలో ఉండే తెలుగువాళ్ళ గ్రూపు అది. అద్దె గదులు, కరివేపాకు మొక్కలు, పాత కార్లు, పురోహితుల ఫోన్ నంబర్లు తిరిగే చోటు. ఎవరో ఆయన ఫోటో పెట్టి చేతులు జోడించిన బొమ్మ తగిలించారు. దాని కింద వరసగా మరిన్ని జోడించిన చేతులు. వాటి మధ్యలో ఒక ప్రశ్న: "ఆ డూప్లికేట్ బల్లల అంకులేనా?" దాని కింద ఇంకొకరు బొటనవేలు ఎత్తి చూపించారు.

నేను ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. జవాబు టైపు చేశాను, చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను, మళ్ళీ చెరిపేశాను. నాకు నిజం తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. ఆ నిజాన్ని నలుగురిలో పెట్టే హక్కు నాకుందా లేదా అన్నది మాత్రం ఆ క్షణానికి తెలియదు. అబద్ధం ఎక్కడ కనిపించినా లేచి నిలబడి ఖండించాలని నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి ఫోను చేతిలో పెట్టుకుని దొంగలా కూర్చున్నాను.

ఆయన ఎవరింటికి వెళ్ళినా కాఫీ కప్పు కంటే ముందు బల్ల అడుగుభాగాన్ని పలకరించేవాడు. ఇంటావిడతో మాట్లాడుతూనే కుడిచెయ్యి బల్ల కిందికి పోయేది. వేళ్ళు అటూ ఇటూ నడిచేవి. కళ్ళు మనమీదే ఉండేవి, చెవులు మన మాటల్లోనే ఉండేవి. కాసేపటికి చెయ్యి బయటికి తీసి, ఏమీ అనకుండా కాఫీ అందుకునేవాడు. ఆ మౌనాన్ని బట్టి ఆ బల్ల పొట్టు అతికించి చేసిన పలక అని మాకు అర్థమయ్యేది. ఇరవై ఏళ్ళు వంటింటి అల్మరాల ఫ్యాక్టరీలో అలాంటి పలకలే కోశాడు. భుజం చెడ్డాక ఆ పని మానేసి, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో తన ఇంటి గ్యారేజీలో పాత ఇంగ్లీషు సామాను బాగుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. రెండు కార్లు పట్టే గ్యారేజీలో ఒక్క కారూ ఉండేది కాదు. ఉన్న కారు ఎండలో వీధిలో ఉండేది. లోపల ఓక్ చెక్క బల్లలు, మూడుకాళ్ళ పీటలు, ఎత్తు వీపు బెంచీలు, తేనెమైనం వాసన.

మొదటిసారి ఒక కుర్చీ కాలు ఊడితే ఆయన దగ్గరికి వెళ్ళాను. కుర్చీ సంగతి మరిచిపోయి పోట్లాటకు దిగాను. రెండు వందల ఏళ్ళు మన నెత్తిన కూర్చున్నవాడి విరిగిన కట్టెలకు మనం మైనం రుద్దడమేమిటి, దీన్ని మించిన బానిసత్వం ఉందా అని అడిగాను. మామూలుగా ఇలాంటి మాటకు మనవాళ్ళు రెండు రకాలుగా స్పందిస్తారు. నవ్వి తప్పుకుంటారు, లేదా కోపం తెచ్చుకుంటారు. ఆయన రెండూ చెయ్యలేదు. పక్కనున్న చిన్న సైడ్ టేబుల్‌ను రెండు చేతులతో ఎత్తి, గోనెపట్టా మీద తలకిందులుగా పెట్టాడు.

"చెయ్యి పెట్టండి" అన్నాడు.

పెట్టాను. పైన అద్దంలా ఉన్న చెక్క కింద గరుకుగా ఉంది. గరుకులో సన్నటి అలల్లాంటివి వేళ్ళకు తగిలాయి. చిత్రిక పట్టినప్పుడు మిగిలిన జాడలని చెప్పాడు. కనపడని వైపు నునుపు చెయ్యడానికి ఆ వడ్రంగికి తీరిక లేదు, అడిగినవాడూ లేడు. ఒక కాలు మిగతా మూడింటికన్నా అరిగింది. రాతినేల మీద, గోడవారన, తడి తగిలేచోట ఉండేదన్నమాట. సొరుగు జారే కర్ర ఒక్క వైపే గుంటపడింది. అంటే ఆ ఇంట్లో సొరుగు లాగే మనిషి ఎప్పుడూ ఒకే పక్కన నిలబడేది. ఇదంతా ఆయన ఉపన్యాసంలా చెప్పలేదు. నా వేలు పట్టుకుని ఒక్కో చోట ఆనించాడు, అంతే.

"దొరల బల్ల కాదండీ ఇది. దొరల బల్లలకు నగిషీలూ మెరుపూ ఉంటాయి. పల్లెటూరి వడ్రంగి, తన ఊరివాళ్ళ వంటింట్లోకి చేసింది. రొట్టె కోసే కత్తీ, దీపమూ పెట్టుకోడానికి. వాడి పేరు ఎవడికీ తెలీదు."

మన పల్లెల్లోనూ వడ్రంగులు చేశారు కదా, వాళ్ళు చేసినవి ఎవడు దాచుకున్నాడని రెట్టించాను.

"ఎవరూ దాచుకోలేదండీ" అన్నాడు. "మా నాన్న చేసినవి ఒక్కటీ లేవు. అందుకే ఇవి తిరగేసి చూసుకుంటా."

దాంతో నా వాదం అక్కడికక్కడే చచ్చిపోయిందని చెప్పను. ఇప్పటికీ ఇంగ్లీషువాడి పాతసామాను పిచ్చి మీద నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కానీ ఆ రోజునుంచీ ఆదివారం పొద్దున్న ఆ గ్యారేజీకి వెళ్ళడం అలవాటైంది. హేతువు గురించి జీవితమంతా మాట్లాడాను. అది చేతివేళ్ళతో ఎలా పనిచేస్తుందో అక్కడ చూశాను.

ఆయన పనిలో ఒక పద్ధతుంది. పాత బల్లకు తాను కొత్తగా అతికిన ముక్కలన్నిటి మీదా, కొనేవాళ్ళు రాకముందే, తెల్ల సుద్దముక్కతో గీతలు గీసేవాడు. ఈ కాలి చివర కొత్తది, ఒక గీత. ఈ మూల విరిగితే అతికాను, ఇంకో గీత. వచ్చినవాళ్ళు ముందు ఆ గీతలు చూడాలి, ఆ తర్వాతే బల్ల చూడాలి. ఇష్టపడి తీసుకుంటామంటే అప్పుడు తడిగుడ్డతో తుడిచేవాడు. సిడ్నీలో పాత సామాను అమ్మేవాడెవడూ ఇలా తన అతుకులు తానే ఎత్తిచూపడు. చాలామంది ఆ గీతలు చూసి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. సుద్దముక్క మాత్రం ఎప్పుడూ చొక్కాజేబులోనే ఉండేది. జేబు అంచు తెల్లబడి ఉండేది.

ఒకసారి ఒక డాక్టరుగారు దేవుడి పటాలు పెట్టుకోవడానికని ఓక్ బల్ల ఎంచుకుని, కారులో ఎక్కించబోతున్నాడు. ఈయన ఆపి, దీన్ని అతికిన జిగురు పశువుల తోలు కాచి తీసింది, పాతకాలపు పద్ధతే అది, ముందే చెప్పాలి కదా అన్నాడు. డాక్టరుగారు బల్లను కింద పెట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. చెప్పకపోతే ఆ దేవుడికి తెలిసేదా అని నేను నవ్వాను. దేవుడికి తెలీదు, డాక్టరుకి తెలియాలి కదా అన్నాడు.

ఇంకొకటి చెప్పాలి, నాకు ఇబ్బందిగా ఉన్నా సరే. నెలకొకసారి లైబ్రరీ గదిలో మేం కొందరం కలిసి చర్చ పెట్టుకుంటాం. కులం మీద, మూఢనమ్మకాల మీద. ఒకసారి ఆయన్ని తీసుకెళ్ళాను. వచ్చినవాళ్ళంతా ఇంజినీర్లు, అధ్యాపకులు. పరిచయం చేస్తూ, ఈయన యాంటిక్ ఫర్నిచర్ కన్సర్వేటర్ అన్నాను. ఇంగ్లీషులో అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ గదిలో ఆయన చిన్నబోకూడదని అనుకున్నాను. అంటే ఆ పనిని నేనే చిన్నదనుకున్నాను. ఆయన లేచి నిలబడి, "వడ్రంగినండీ. మా నాన్నా వడ్రంగే" అని కూర్చున్నాడు. ఆ రోజు చర్చాంశం కులమూ శారీరక శ్రమా. ప్రధాన వక్తను నేనే.

ప్రసన్న ఆ చర్చలకు వచ్చే అమ్మాయి. హన్మకొండ పిల్ల. ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుని, పర్మనెంట్ రెసిడెన్సీ తెచ్చుకుని, సిడ్నీ శివారు లివర్‌పూల్‌లో ఒక పాథాలజీ ల్యాబులో పనిచేస్తోంది. కొత్తగా పెళ్ళయింది. ఎడ్మండ్‌సన్ పార్క్‌లోనే కొత్త ఇల్లు కొన్నారు. భర్త, అతని తల్లి, తాను. ఒక ఆదివారం నాతోపాటు గ్యారేజీకి వచ్చి, ఒక మూలనున్న ఇంకో చిన్న సైడ్ టేబుల్ దగ్గర ఆగిపోయింది. ఒక్క సొరుగు, సన్నటి కాళ్ళు, పైన రెండు చెక్కల మధ్య వేలిగోరు పట్టే సందు. చెక్క అడ్డంగా ఎన్నో ఏళ్ళు కుంచించుకుపోతేనే అలాంటి సందు వస్తుందని ఆయన చెప్పాడు.

"ఇది నాకు కావాలె అంకుల్" అంది. "మా ఇంట్ల అన్నీ నున్నగనే ఉన్నయ్. అన్నీ తెల్లగనే ఉన్నయ్. హోటల్ల ఉన్నట్టే ఉంటది."

ఆ బల్ల మీద రెండు సుద్ద గీతలున్నాయి. వెనక ఎడమకాలి చివర ఒకటి, సొరుగు కింద కుడివైపు కర్ర మీద ఒకటి. నేను కళ్ళారా చూశాను. బల్లను సిడ్నీకి పడమర కొండల్లోని ఒక ఊళ్ళో వృద్ధురాలి ఇంట్లోంచి తెచ్చిన రోజున కారు నడిపింది నేనే. ఆవిడ అంతకుముందు నెలలో ఆ ఇంట్లోనే నిద్రలో పోయింది. ఇలాంటి సామాను ఈ దేశంలో దొరికేదే అలా. మనిషి పోతే వారసులు ఇల్లు ఖాళీ చేస్తారు, సామాను వేలానికి వస్తుంది. ఆ సంగతి కూడా ఆయన ప్రసన్నకు దాచలేదు. ఆమె పట్టించుకోలేదు. తడిగుడ్డతో తానే ఆ రెండు గీతలూ తుడుచుకుని, బల్లను ఒళ్ళో పెట్టుకున్నట్టుగా కారులో పట్టుకుని కూర్చుంది.

నాలుగు నెలల తర్వాత ఆమెకు అయిదో నెల గర్భం పోయింది.

ఇలాంటివి జరుగుతాయి. ఎందుకు జరిగిందో చాలాసార్లు డాక్టర్లు కూడా చెప్పలేరు. ఆమె డాక్టరు ఆ మాటే అంది. కానీ కారణం తెలియదు అన్న మాటతో మనవాళ్ళు బతకలేరు. తెలియదు అన్నచోట ఎవరో ఒకర్ని నిలబెట్టాలి. అత్తగారు ఊళ్ళో ఉన్న పంతులుగారిని వీడియో కాల్‌లోకి పిలిచింది. ఇంట్లోకి ఈమధ్య చచ్చినవాళ్ళ వస్తువు ఏదైనా వచ్చిందా అని ఆయన అడిగాడు. అలాంటి ప్రశ్నకు ఎక్కడైనా ఏదో ఒకటి దొరక్కుండా ఉండదు, ఆ వ్యాపారమే అది. ఇక్కడ బల్ల దొరికింది. బల్లను తెచ్చిన చేతులు దొరికాయి. బల్లను కాల్చెయ్యాలని, పీడను ఇంట్లోకి తెచ్చిన మనిషి కొన్నాళ్ళు ఇంటికి దూరంగా ఉండాలని తేలింది. ప్రసన్నను హన్మకొండ పంపడానికి టికెట్ తీశారు. తిరుగు టికెట్ తియ్యలేదు. భర్త ఏమంటున్నాడని ఫోనులో అడిగాను. ఏమీ అనడం లేదు, అదే భయమైతంది అంకుల్ అంది.

ఆదివారం పొద్దున్న ప్రసన్న ఇంటికి ఇద్దరం వెళ్ళాం. బల్ల అమ్మిన ఆయన్ని నేనే రమ్మన్నాను. బల్ల గురించి మాట వస్తే ఆయన ఉండటం మంచిదనుకున్నాను. తలుపు తియ్యగానే, గోడవారన సూట్‌కేసు నిలబెట్టి ఉంది. పక్కనే మెట్ల కింద ఆ బల్ల. దానిమీద పసుపు గుడ్డ కప్పి ఉంది, శవం మీద కప్పినట్టు. ప్రసన్న వంటింటి అంచున నిలబడింది, కూర్చోలేదు.

నేను ముప్పావుగంట మాట్లాడాను. గర్భం ఎందుకు పోతుందో చెప్పాను. కట్టెకు కక్ష ఉండదని చెప్పాను. ఆస్ట్రేలియాలో మనం ఎక్కే రైళ్ళలో, పడుకునే ఆస్పత్రి మంచాల్లో, అద్దెకుండే ఇళ్ళలో ఎవరో ఒకరు పోయినవే ఎక్కువని చెప్పాను. పంతులుగారు ఇంతవరకూ ఎన్ని చావులు ఆపాడో చెప్పమన్నాను. నా గొంతు పెరిగింది. భర్త కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అత్తగారు మాత్రం నన్నే చూస్తూ, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నది. నేను ఆగాక మెల్లగా అడిగింది.

"సార్, మీరు చదువుకున్నోళ్ళు. మీ మాటలకు జవాబు చెప్పుడు నాతోని కాదు. ఒక్కటే అడుగుత. ఈ బల్ల ఉన్న ఇంట్ల ముసలామె సచ్చిపోయిందా, లేదా?"

ఇంతకన్నా సూటి ప్రశ్న నన్ను ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. వాస్తవం అడుగుతోంది ఆవిడ. చచ్చిపోయింది అన్నదే వాస్తవం. అయితే దానివల్ల కాదు అని చెప్పాలి. ఆ 'అయితే' వినేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆయన అన్నాడు.

"లేదమ్మా."

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన లేచి, బల్ల మీది పసుపు గుడ్డ తీసి మడిచి మెట్టు మీద పెట్టాడు.

"ఈ బల్లకు ముసలామె లేదు, ఇల్లూ లేదు. ఇది నా గ్యారేజీలో నేను చేసింది. పాతదని అబద్ధం చెప్పి ఈ అమ్మాయికి అంటగట్టాను."

జేబులోంచి సుద్దముక్క తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని ముందు ఒక కాలు మీద గీత గీశాడు. ఇది నేను కోసింది. రెండో కాలు. ఇది నేనే. మూడోది, నాలుగోది. సొరుగు లాగి నాలుగు పక్కలా గీశాడు. పైచెక్క మీద ఈ చివరనుంచి ఆ చివరకు గీశాడు. సుద్ద కీచుమంటోంది. ఎన్నో ఏళ్ళుగా ఆ సుద్దముక్క ఒక్క తప్పు గీత గీసి ఎరగదు. ఇప్పుడు ఒక్కటీ నిజమైన గీత లేదు. బల్లంతా తెల్లబడ్డాక ఆయన నావైపు చూశాడు. బతిమాలుతున్న చూపు కాదది. మీకు తెలుసని నాకు తెలుసు అన్న చూపు.

ఇది అబద్ధం అనే మాట నా నాలుక మీద ఉంది. ఆ ఇంట్లో ఒక మూఢనమ్మకం నా కళ్ళముందు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. చచ్చినవాళ్ళ వస్తువు బిడ్డను చంపుతుంది, ఈ వస్తువు మాత్రం చచ్చినవాళ్ళది కాదు, అంతే తేడా. నేను నోరు తెరిస్తే నిజం నిలుస్తుంది, సూట్‌కేసు కదులుతుంది. ప్రసన్న నావైపే చూస్తోంది. నేను నేలచూపు చూశాను.

"అంకుల్, యూ చీటెడ్ అస్" అన్నాడు భర్త. అంతవరకూ నోరు విప్పనివాడికి ఒక్కసారిగా మాటలొచ్చాయి. పోలీసులకు చెబుతానన్నాడు, గ్రూపులో పెడతానన్నాడు, మనవాడివై ఉండి మనవాళ్ళనే మోసం చేస్తావా అన్నాడు. ఏకవచనంలోకి దిగిపోయాడు. ఆయన మోకాళ్ళ మీదినుంచి లేవలేదు. తప్పేనయ్యా అన్నాడు.

అత్తగారు దగ్గరకొచ్చి బల్ల మీద అరచెయ్యి పెట్టింది. సుద్ద చేతికంటింది. కొంగుతో తుడుచుకుంది.

"కొత్తదేనారా ఇది" అంది కొడుకుతో. "మరి ఉండనీ. పొయ్యిల పెట్టేదేముంది."

కొడుకు కాసేపటికి సూట్‌కేసు ఎత్తుకుని మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

కారులో నేను పేలిపోయాను. ఏం చేశావో తెలుసా అని అడిగాను. వాళ్ళ నమ్మకానికి నువ్వే కాపలా కాశావన్నాను. ఇంకో ఇంట్లో, ఇంకో పిల్ల మీద, ఇంకో వస్తువు పేరు చెప్పి ఇదే జరుగుతుందన్నాను. అన్నీ విన్నాడు.

"మీ వాదం ఆ ఇంట్లో గెలవాలంటే ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"ఏళ్ళు పడుతుంది. పట్టనీ."

"టికెట్ గురువారానికి ఉంది" అన్నాడు.

భర్త అన్నంతా చేశాడు. గ్రూపులో పెట్టాడు. మోసగాడి బల్ల అని ఫోటో, సుద్ద గీతలతో సహా. గీతలు మోసానికి సాక్ష్యమైపోయాయి. వారం తిరక్కుండా రెండు కుటుంబాలు తాము కొన్నవి తెచ్చి ఆయన గ్యారేజీ రోలర్ డోర్ ముందు దింపేశాయి. ఆయన వాటిని తిరగేసి, ఇవి పాతవేనండీ, చూడండి అని అడుగుభాగం చూపించాడట. ఎవరు చూస్తారు? పూజలకు, పుట్టినరోజులకు పిలవడం మానేశారు. కొండల్లోని తెల్లవాళ్ళు కొనడం మానలేదు, వాళ్ళకు గీతలు చదవడం వచ్చు. పని ఆగలేదు. మనవాళ్ళలో మాట పోయింది. నేను రెండుసార్లు అడిగాను, నిజం చెప్పేస్తానని. రెండుసార్లూ ఒకే జవాబు.

"అది మీరు చెప్పేది కాదండీ."

నాది కాకపోతే నీదా అని విసుక్కున్నాను. ఆయన చిత్రిక తీసుకుని పనిలో పడ్డాడు. నేను ఆదివారాలు వెళ్ళడం తగ్గించాను. కోపం ఆయన మీదనుకున్నాను.

రెండేళ్ళకు ప్రసన్నకు పాప పుట్టింది. ఆ ఇంట్లో, ఆ బల్ల ఉండగానే. దీన్నిబట్టి బల్ల మంచిదని ఎవరైనా అంటే వాళ్ళతోనూ పోట్లాడతాను. కట్టెకు కక్ష లేనట్టే కరుణా లేదు.

ఆయన పోయిన రెండోరోజు ఆయన కూతురు పెర్త్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ పియారా వాటర్స్ అనే పేటలో ఉంటుంది. గ్రూపులోని ఆ ప్రశ్నను ఎవరో ఆమెకూ పంపారు. ఏడవడం లేదు, గొంతు గట్టిగా ఉంది. "అంకుల్, మీరు నాన్నకి క్లోజ్ కదా. నాన్న నిజంగా అలా చేశాడా? ఎస్ ఆర్ నో చెప్పండి చాలు." సంతాపసభ ఆదివారం పెట్టాం కదా, అక్కడ చెబుతానమ్మా అన్నాను. ఒక చచ్చిన మనిషి పేరు, ఒక బతికున్న పిల్ల కాపురం. నా చేతిలో నిజం ఒక్కటే ఉంది, అది ఇద్దరికీ చాలదు.

ప్రసన్నకు ఫోన్ చేశాను. ఆ బల్ల గురించి నీకు ఒకటి చెప్పాలమ్మా, నువ్వు వద్దంటే సభలో ఎత్తను అని మొదలుపెట్టాను.

"నాకు ఎరుకే అంకుల్" అంది.

సుద్ద గీతలు గీసిన మర్నాడే ఆయన చెప్పాడట. సోమవారం మధ్యాహ్నం లంచ్ టైములో ల్యాబు కార్ పార్క్‌కి వచ్చి, కారు పక్కన నిలబడి చెప్పాడట. బల్ల పాతదే, ముసలావిడ పోయిన మాటా నిజమే, నీ బిడ్డకూ దానికీ ఏ సంబంధమూ లేదు, ఇది నీకు తెలియాలి, ఇంట్లోవాళ్ళకు ఎప్పుడు చెప్పాలో, చెప్పాలో వద్దో నీ ఇష్టం. అంతే చెప్పి వెళ్ళిపోయాడట. మూడేళ్ళుగా నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్న నిజం ఎవరికి చేరాలో వాళ్ళకు మర్నాటికే చేరింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను మాట్లాడింది అత్తగారితో, పంతులుగారితో, సమాజంతో. వంటింటి అంచున నిలబడ్డ పిల్లతో ఒక్కమాట మాట్లాడలేదు.

"ఇయ్యాల చెప్దాం, రేపు చెప్దాం అనుకుంట మూడేండ్లు చేసిన. ఆ అంకుల్‌ను అందరు అట్ల అంటుంటె ఇన్న. నోరు మూస్కొని ఇన్న" అంది. "మీరు చెప్పొద్దు. నేనే చెప్త."

ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో పాతికమందికి మించి రాలేదు. కూతురు ముందువరసలో ఉంది. ప్రసన్న కుటుంబం రెండో వరసలో. పాప భర్త ఒళ్ళో నిద్రపోతోంది. అత్తగారు తన పక్క కుర్చీలో చేతిసంచీ పెట్టుకుంది, ప్రసన్న కూర్చునే కుర్చీలో. ప్రసన్న వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరైనా మాట్లాడతారా అని నేను అడగ్గానే నడిచి ముందుకొచ్చింది. మైకు పట్టుకోలేదు.

"మా ఇంట్ల ఉన్న బల్ల డూప్లికేట్ కాదు" అంది. "పాతదే. చచ్చిపోయినామె ఇంట్లకెళ్ళి వచ్చిందే. నన్ను ఇండియాకు పంపొద్దని ఈ అంకుల్ అబద్ధమాడి తన పేరు పోగొట్టుకున్నడు. తెల్లారే నాకు నిజం చెప్పిండు. నేను భయపడి మీకెవ్వరికి చెప్పలే." భర్త ఒళ్ళోని పాప వైపు చూసింది. "నా బిడ్డ పోయింది ఆ బల్లతోని కాదు. నాతోని కూడా కాదు."

కూతురు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భర్త పాపను గట్టిగా పట్టుకున్నాడు. అత్తగారు కోడలివైపు చూడలేదు. నావైపు చూసింది.

"సార్, ఆ దినం మీరు ఆడనే ఉన్నరు. మీకు ఎరుకేనా?"

"తెలుసమ్మా" అన్నాను.

"పాతదని?"

"పాతదని. రెండు ముక్కలు తప్ప అంతా పాతదే."

ఆవిడ, మూడేళ్ళుగా ఆ బల్ల మీదే నా మందులు పెట్టుకుంటున్న అని తనలో తాను అనుకున్నట్టు అంది. అది కోపమో, భయమో, లెక్క సరిచూసుకోవడమో నాకు అంతుపట్టలేదు. ప్రసన్న ఇంకా హాలు మధ్యలోనే నిలబడి ఉంది, ఎటు వెళ్ళాలో తెలియనట్టు.

అత్తగారు పక్క కుర్చీలోని సంచీ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ప్రసన్న వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.